గీత గీసే ముందు మన మాట రాయాలి

మన ఊళ్ళలో సర్కారు బిల్డింగ్ ఎట్లా పుడతదో అందరికీ తెలిసిందే. ముందు పైనుంచి శాంక్షన్ వస్తది. కొన్నాళ్ళకు ఏఈ సారు బైకు మీద వచ్చి "స్థలం ఎక్కడ?" అంటాడు. సర్పంచో, ఊరి పెద్దో రోడ్డుకు దగ్గరగా ఉన్న ఖాళీ జాగా చూపిస్తాడు. టేపు పట్టి కొలుస్తారు, ముగ్గు పోస్తారు, కొబ్బరికాయ కొడతారు. గోడలు లేచాక గానీ అందులో ఎన్ని గదులున్నాయో, తలుపు ఎటు ఉందో మనకు తెలియదు. డ్రాయింగ్ మాత్రం అప్పటికే సారు ఫైల్లో ఉంది. మనల్ని అడిగింది ఒక్క ప్రశ్న. అది కూడా స్థలం లేకపోతే పని మొదలవదు కాబట్టి అడిగారు.

తర్వాత కథ కూడా తెలిసిందే. వాన కొట్టే వైపు తలుపు ఉంటది, అందుకని వానాకాలం అంతా తలుపు మూసే ఉంటది. మరుగుదొడ్డికి నీళ్ళు లేవు, అందులో కట్టెలు పెడతారు. కమ్యూనిటీ హాలు ఊరికి ఆ చివర కట్టారు, పొద్దుగూకినాక ఆడవాళ్ళు అటు పోరు. రెండేళ్ళకు ఆ హాలులో మేకలు పడుకుంటాయి. అప్పుడు టౌన్ నుంచి వచ్చినాయన చూసి ఒక మాట అంటాడు: "వీళ్ళకి ఎంత కట్టిచ్చినా వాడుకోవడం రాదు."

ఈ మాట మీరందరూ విన్నారు. నేనూ హాస్టల్లో చదివిన రోజుల నుంచి వింటున్నా. దీనికి కోపంగా జవాబు చెప్పడం సులువు. ఈ వ్యాసం మాత్రం పనికొచ్చే జవాబు ఒకటి చెప్పాలని రాస్తున్నా. ఆ జవాబు ఒక కాగితం. దాని పేరు ప్రాజెక్ట్ బ్రీఫ్.

పేరు చూసి భయపడొద్దు. హైదరాబాదులో ఒక డబ్బున్నాయన ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు అనుకోండి. ఆర్కిటెక్ట్ దగ్గరికి పోతాడు. ఆర్కిటెక్ట్ వెంటనే పెన్సిల్ పట్టడు. ముందు అడుగుతాడు. ఇంట్లో ఎంతమంది? అమ్మకి మోకాళ్ళ నొప్పులా, అయితే ఆమె గది కింద ఉండాలి కదా? పూజ గది ఎటు? పండగకి ఎంతమంది చుట్టాలు వస్తారు? వంట ఎవరు చేస్తారు, నిలబడి చేస్తారా కూర్చుని చేస్తారా? డబ్బు ఎంత, ఎప్పటికి పూర్తి కావాలి, ఏది లేకపోయినా పర్లేదు, ఏది లేకపోతే కుదరదు? లోపల అలమారాలు చేసే ఇంటీరియర్ డిజైనర్ అయితే ఆయన భార్యకు ఎన్ని చీరలున్నాయో కూడా అడుగుతాడు. ఇదంతా రాసుకున్న కాగితమే బ్రీఫ్. దీన్ని బట్టి డ్రాయింగ్ వస్తది. డ్రాయింగ్ నచ్చకపోతే ఆయన ఆ కాగితం తీసి "నేను చెప్పిందేంటి, నువ్వు గీసిందేంటి" అని అడగగలడు. అక్కడుంది దాని బలం. రేపు గొడవ వస్తే పట్టుకుని నిలబడడానికి చేతిలో ఒక ఆధారం ఉంటది.

మన బిల్డింగులకు బ్రీఫ్ లేదని కాదు. ఉంది. దాన్ని మనం లేని గదిలో వేరేవాళ్ళు రాశారు. పథకం గైడ్‌లైన్స్‌లో "ఒక యూనిట్, ఇంత రేటు" అని ఒక వరుస ఉంటది చూడండి, అదే మన బ్రీఫ్.

ఇప్పుడే దీని గురించి ఎందుకు మాట్లాడాలంటే, మన ప్రాంతాలకు ఇంత కట్టడం డబ్బు ఒకేసారి రావడం అరుదు. 2023 నవంబర్ 15న జార్ఖండ్‌లోని ఖుంటిలో ప్రధాని పీఎం జన్‌మన్ మొదలుపెట్టారు. దేశంలోని 75 పీవీటీజీ తెగల కోసం 24,104 కోట్లు అని లెక్క చెప్పారు. మన దగ్గర చెంచులు, కొండరెడ్లు, కొలాములు, తోటీలు, పోర్జాలు, గదబలు, ఖోండులు, కొండసవరలు దీని కిందకు వస్తారు. అందులో 4.90 లక్షల ఇళ్ళు, ఇంటికి 2.39 లక్షలు. 1,000 మల్టీ పర్పస్ సెంటర్లు, ఒక్కోదానికి 60 లక్షలు. 500 హాస్టళ్ళు, ఒక్కోటి 2.75 కోట్లు. 2,500 అంగన్‌వాడీలు, ఒక్కోటి 12 లక్షలు. ఆ తర్వాత 2024 అక్టోబర్‌లో మిగతా తెగల ఊళ్ళను కూడా కలుపుతూ ధర్తీ ఆబా పథకం వచ్చింది. ఈ డబ్బు చాలదని మనం అడుగుతూనే ఉందాం, అది వేరే పోరాటం. కానీ వచ్చిన డబ్బు కాంక్రీటు అయిపోయాక మార్చడానికి ఏమీ ఉండదు. మళ్ళీ ఆ ఊరికి బిల్డింగ్ రావాలంటే ఇరవై ఏళ్ళు పట్టొచ్చు.

60 లక్షల మల్టీ పర్పస్ సెంటర్ సంగతే చూద్దాం. పేరులోనే ఉంది, చాలా పనులకు ఒకే బిల్డింగ్ అని. ఏ పనులు? ఎవరి పనులు? ఆ పనులు ఒకదానికొకటి అడ్డమొస్తే ఎట్లా? ఇవి డ్రాయింగ్ గీసే మనిషికి ఆఫీసులో కూర్చుంటే తెలియవు. ఊరికి తెలుసు. మా మండలంలో కొండ మీది ఒక కొండరెడ్ల ఊరికి ఈ సెంటర్ వస్తదని మాట వినపడగానే, శాంక్షన్ కాగితం కోసం ఎదురుచూడకుండా మేం కొందరం అక్కడికి పోయి ఊరితో కలిసి బ్రీఫ్ రాయడం మొదలుపెట్టాం. ఊరి పేరు ఇక్కడ రాయను, పని ఇంకా నడుస్తుంది. రాసినదాంట్లో కొన్ని వాక్యాలు మాత్రం పెడతాను, ఎందుకంటే చెప్పడం కంటే చూపిస్తే తొందరగా అర్థమవుతది:

"పొద్దున పిల్లలు ఉన్నంతసేపు వంట చేసే మనిషికి పిల్లలు కనపడాలి. పిల్లల చేతికి పొయ్యి అందకూడదు."

"ఏఎన్‌ఎం అమ్మ వచ్చిన రోజు కడుపుతో ఉన్న ఆడమనిషిని పడుకోబెట్టి చూడాలి. దానికి తలుపు ఉన్న చోటు కావాలి. ఆ తలుపు మగవాళ్ళు కూర్చునే అరుగు వైపు ఉండకూడదు."

"ఇప్పపువ్వు, చింతపండు వచ్చే రోజుల్లో బస్తాలు రెండు నెలలు తడవకుండా పెట్టుకోవాలి. ఎలుకలు రాకూడదు. ఆ గది తాళం మహిళా సంఘం దగ్గర ఉంటది."

"గ్రామసభకు మేం కింద కూర్చుంటాం. గట్టు ఎత్తుగా కట్టి, దాని మీద ఆఫీసర్లకు కుర్చీలు వేసేటట్టు కట్టొద్దు."

"సిగ్నల్ గుట్ట వైపు మూలన మాత్రమే వస్తది. వేలిముద్ర మిషన్ పెట్టే పని ఏదున్నా ఆ మూలనే ఉండాలి."

"చావుకి వచ్చిన చుట్టాలు మూడు రోజులు ఉంటారు. వానాకాలం వస్తే పడుకోవడానికి చోటు లేదు."

ఇందులో "నాలుగు గదులు కావాలి" అన్న మాట ఎక్కడా లేదు గమనించండి. గదులు లెక్కపెట్టడం డ్రాయింగ్ గీసేవాళ్ళ పని. అక్కడ మనం పోటీ పడితే ఓడిపోతాం, వాళ్ళు "టెక్నికల్" అని ఒక్క మాట అని నోరు మూయిస్తారు. ఏ పని ఎప్పుడు జరుగుతది, ఎవరు చేస్తారు, ఎవరి కంట పడాలి, ఎవరి కంట పడకూడదు, ఏది తడవకూడదు, తాళం ఎవరి చేతిలో ఉండాలి: ఇవి మన ఊరి విషయాలు. వీటిలో మనకంటే తెలిసిన ఇంజనీరు ఈ భూమ్మీద లేడు. సిగ్నల్ మూల సంగతి ఏ గైడ్‌లైన్స్‌లో దొరుకుతది చెప్పండి!

ఈ వాక్యాలు ఒక్క మీటింగులో రాలేదు. మొదటి మీటింగులో అందరూ "హాలు కావాలి, బాత్రూమ్ కావాలి, ఫ్యాన్లు కావాలి" అన్నారు. మగవాళ్ళే మాట్లాడారు. రెండోసారి ఆడవాళ్ళతో విడిగా, పనులన్నీ అయ్యాక రాత్రి కూర్చుంటే ఏఎన్‌ఎం తలుపు మాట వచ్చింది. మిరప కోతకు పోయినవాళ్ళతో ఫోన్లో మాట్లాడితే ఇంకో సంగతి తేలింది. వాళ్ళు మూడు నెలలు ఊళ్ళో ఉండరు, ముసలివాళ్ళనీ చిన్నపిల్లలనీ వదిలి పోతారు. ఆ మూడు నెలలు పిల్లలు మధ్యాహ్నం తిని ఇంటికి పోతే ఇంట్లో ఎవరూ ఉండరు. కాబట్టి ఆ నెలల్లో సాయంత్రం దాకా పిల్లలు ఉండేటట్టు, తాతలు కూడా వచ్చి కూర్చునేటట్టు నీడ కావాలి. ఇది సర్వే ఫారంలో ఏ గడిలోనూ పట్టదు.

ఇంకో విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. పక్కనే ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల గుంపు ఉంటది. వాళ్ళ పిల్లలను లెక్కలో రాయాలా వద్దా అని వాదన వచ్చింది. "వాళ్ళని రాస్తే మన బిల్డింగ్ వాళ్ళదంటారు" అని ఒకరిద్దరు అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతది. భూమి విషయంలో దాని వెనక నిజమైన గొడవలున్నాయి. కానీ అంగన్‌వాడీలో ఎంతమంది పిల్లలు నిజంగా కూర్చుంటారో రాయకపోతే అది అబద్ధపు బ్రీఫ్ అవుతది. పై ఆఫీసుల మీద మనం వేసే నింద అదే కదా, ఉన్న మనుషులను లేనట్టు రాశారని. చివరికి ఆ పిల్లల సంఖ్య కూడా రాశారు.

స్థలం గురించి. ఖాళీగా ఉంది కదా అని చూపించే జాగాకి ఖాళీగా ఉండడానికి ఒక కారణం ఉంటది. నీళ్ళు నిలుస్తాయి, లేకపోతే పెద్దల చోటు, లేకపోతే పశువుల దారి. ఒక మంచి వాన పడ్డ మర్నాడు ఊరంతా ఆ జాగాలో నడవాలి. నీళ్ళు ఎటు నుంచి ఎటు పోయాయో ఫోన్లో ఫొటో తీసుకోవాలి. నైరుతి గాలి ఏ వైపు నుంచి వాన కొడుతదో చెప్పడానికి పశువుల కాపరి చాలు. ఉన్న ఇప్ప, చింత చెట్లు ఎన్నో రాసి, ఏవి కొట్టకూడదో రాయాలి. అడవి భూమి అయితే అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ గుర్తుపెట్టుకోండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కమ్యూనిటీ సెంటర్ లాంటి 13 రకాల పనులకు ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా తీసుకోవచ్చు. దానికి గ్రామసభ సిఫార్సు ఉండి తీరాలి. అంటే "ఫారెస్టోళ్ళు ఒప్పుకోవట్లేదు" అనే మాట ఎప్పుడూ చివరి మాట కాదు. మన సంతకం లేకుండా స్థలం ఖాయం చేయడం కూడా కుదరదు.

ఇళ్ళ విషయానికి వస్తే మన చేతిలో ఇంకా ఎక్కువ ఉంది, అది మనకే తెలియదు. పీఎం ఆవాస్ గ్రామీణ్ నియమాల్లో ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అందులో వంటకు శుభ్రమైన చోటు ఉండాలి అని ఉంది. ఇల్లు లబ్ధిదారుడే కట్టుకోవాలి, కాంట్రాక్టరును పెట్టకూడదు అని కూడా ఉంది. మళ్ళీ చదవండి: కాంట్రాక్టరును పెట్టకూడదు. పక్కా ఇల్లు అంటే మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్ళు ఎండకీ వానకీ నిలిచేది అని చెప్పారు. ఒకే డబ్బా ఆకారంలో వరుసగా కట్టాలని ఎక్కడా లేదు. అయినా మన ఊళ్ళలో ఎవరో మేస్త్రీ గుంపుగా ఒప్పుకుని, అందరి బ్యాంకు పుస్తకాలు పట్టుకుపోయి, ఒకే కొలతతో పోసుకుంటూ పోతాడు. మనం అడగం, ఎందుకంటే ఏం అడగాలో ముందు రాసుకోలేదు.

25 చదరపు మీటర్లు అంటే ఎంతో చెప్పమంటే డిగ్రీ చదివినవాళ్ళు కూడా తడబడతారు. నాలుగు వెదురు పుల్లలు, ఒక తాడు తీసుకోండి. పక్కకి 5 మీటర్లు, అంటే పదహారున్నర అడుగుల లోపే, నాలుగు పక్కలా కొలిచి పుల్లలు పాతండి. అదే మీ ఇల్లు, గోడల మందం తీసేస్తే ఇంకా చిన్నది. ఇప్పుడు అందులో మంచం వేయండి, పొయ్యి పెట్టండి, వడ్ల గాదె పెట్టండి, కోళ్ళ గంప పెట్టండి, పెళ్ళైన కొడుకుని పడుకోబెట్టండి. పది నిమిషాల్లో ఊరంతా ఆర్కిటెక్టులైపోతారు. మా దగ్గర ఒక పెద్దమ్మ తాడు లోపల నిలబడి "అటక ఎక్కడ?" అంది. విత్తనం పొగ తగిలే చోట, పొయ్యి మీద అటకలో ఉంటేనే పురుగు పట్టదు. స్లాబు ఇంట్లో అటక లేదు, పొగ పోయే దారి లేదు, అందుకే పొయ్యి బయట తడికెల పాకలోకి పోతది, విత్తనం సంచిలోకి పోతది, వచ్చే ఏడు సగం మొలవదు. ఒక డ్రాయింగులో ఒక గీత లేకపోవడం వల్ల విత్తనం బజారు నుంచి కొనాల్సి వస్తదని ఎవరైనా అనుకుంటారా?

ఇక్కడ మన సపోర్టర్లకు కూడా ఒక మాట. టౌన్ల నుంచి ప్రేమతో వచ్చేవాళ్ళు కొందరు "మీ మట్టి ఇల్లు ఎంత బాగుంది, చల్లగా ఉంది, సిమెంటు ఎందుకు" అంటారు. చల్లగా ఉండడం నిజమే, మేలో స్లాబు కింద రాత్రి పడుకున్నవాళ్ళకు తెలుసు. కానీ గడ్డి కప్పు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, ఆ గడ్డి కోయడానికి పోతే ఫారెస్టు గార్డుతో గొడవ, నిప్పు రవ్వ పడితే ఊరే పోతది. పాము దూరుతది. ఏటా గోడలు అలికేది ఎవరు, ఆడవాళ్ళే కదా. స్లాబు ఉన్న ఇంటికే పిల్లనిస్తామనే రోజులివి. మన చెల్లెళ్ళు స్లాబు కావాలంటే వాళ్ళకి సంస్కృతి తెలియక కాదు. బ్రీఫులో "సంప్రదాయ ఇల్లు" అని రాయొద్దు, "స్లాబు ఇల్లు" అనీ రాయొద్దు. కారకూడదు, మంట అంటుకోకూడదు, మేలో రాత్రి పడుకోగలగాలి, అటక ఉండాలి, ఏటా అలకాల్సిన పని తగ్గాలి అని రాయండి. ఇవన్నీ కుదిరే ఇల్లు ఏ సరుకుతో కట్టాలో చెప్పడం చదువుకున్న ఆర్కిటెక్ట్ బాధ్యత. వెదురు వాడొచ్చు అంటే అటవీ హక్కుల చట్టం ప్రకారం వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు మనది. వాగు దాటి ఇసుక, సిమెంటు మోయడానికి అయ్యే ఖర్చు ఎస్టిమేట్‌లో లీడ్ కింద ఎంత చూపించారో అడిగి, ఆ లెక్క పక్కన మన వెదురు, మన రాయి లెక్క పెట్టండి.

గోడల మీద బొమ్మల సంగతి కూడా చెప్పి ముందుకు పోతా. ఆదివాసీ పేరుతో కట్టే ప్రతి భవనం గోడకీ తెల్ల రంగుతో వార్లీ బొమ్మలు వేస్తున్నారు. వార్లీలు మహారాష్ట్ర, గుజరాత్ వైపు మన అన్నదమ్ములు, వాళ్ళ కళంటే గౌరవమే. కానీ సవరల గోడ బొమ్మలు వేరు, కోయ డోలీల పడిగెలు వేరు. గోడకి బొమ్మ వేస్తే లోపల బిల్డింగ్ ఆదివాసీది అయిపోదు.

మంచి ఆర్కిటెక్ట్ దొరికితే చాలు కదా అని అడిగేవాళ్ళకు ఈజిప్టులో జరిగింది చెబుతా. నైలు నది పక్కన, లక్సర్ దగ్గర, గుర్నా అనే ఊరి జనం పాత రాజుల కాలం నాటి సమాధుల మీద ఇళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళు. ప్రభుత్వ పురావస్తు శాఖ వాళ్ళను అక్కడి నుంచి లేపాలనుకుంది. 1940లలో హసన్ ఫాతీ అనే గొప్ప ఆర్కిటెక్ట్‌కి కొత్త ఊరు కట్టే పని ఇచ్చారు. ఆయన కాంట్రాక్టరు మనిషి కాదు. మట్టి ఇటుకలతో, గోపురాల కప్పులతో, పేదవాళ్ళ చేతికి అందే ఖర్చుతో, ఆ ప్రాంతపు పద్ధతిలో కట్టాడు. మసీదు, బడి, అంగడి అన్నీ పెట్టాడు. దాని గురించి ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా ఆర్కిటెక్చర్ విద్యార్థులు చదువుతారు. అయినా గుర్నా జనంలో ఎక్కువమంది ఆ ఊరికి పోలేదు, అనుకున్న ఊరు పూర్తి కాలేదు. వాళ్ళ బతుకు పాత చోట ఉంది. ఇల్లు ఎట్లా ఉండాలన్న ప్రశ్నకు ఫాతీ ఎంతో శ్రద్ధగా జవాబు వెతికాడు. "మీరు అక్కడి నుంచి కదులుతారా" అన్న ప్రశ్నకి జవాబు మాత్రం ఆయన చేతికి కాగితం రాకముందే పురావస్తు శాఖ రాసేసింది. క్లయింట్ శాఖ అయింది, జనం కాలేదు.

పోలవరం ముంపు ఊళ్ళ వాళ్ళకు ఈ కథ ఈజిప్టు కథలాగా అనిపించదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్ తీసి చూడండి. పునరావాస కాలనీలో రోడ్డు, మురికి కాలువ, నీళ్ళు, బడితో పాటు పశువుల మేత భూమి, శ్మశానం, గుడి చోటు, సంప్రదాయ గిరిజన సంస్థలకు విడిగా స్థలం అని కూడా రాసి ఉంది. ఆ వరుసలు మన తరపున ఎవరో పోరాడి పెట్టించినవి. ఒక్కో కాలనీలో వాటిలో ఎన్ని నేల మీద ఉన్నాయో ఆ ఊళ్ళ యువకులే లెక్క తీయాలి. గళ్ళ నోట్‌బుక్కులా గీసిన ప్లాట్లలో ఏ ఇల్లు ఏ చుట్టానికి దగ్గరుండాలి అన్న ప్రశ్న ఎక్కడ అడిగారు? ఊరు ఎట్లా కూర్చుని ఉంటదో కూడా బ్రీఫే.

సరే, ఇంత రాశాక ఇంజనీరు సారు ఒక మాట అంటాడు: "ఇది టైప్ డిజైన్ బాబూ, పైనుంచి వచ్చింది, నా చేతిలో లేదు." ఆ మాటలో కొంత నిజం ఉంది. వందల ఊళ్ళకు ఒక్కో డ్రాయింగ్ గీయడానికి వాళ్ళకు మనుషుల్లేరు, టైప్ డిజైన్ వల్ల ఎస్టిమేట్ తొందరగా తేలుతది. ఆయనతో కొట్లాడి లాభం లేదు. ఇంకో ప్రశ్న అడగండి: "సార్, ఇందులో మార్చకూడనివి ఏవి, మార్చగలిగేవి ఏవి?" మొత్తం ఖర్చు, పునాది, స్తంభాలు మార్చరు. కానీ బిల్డింగ్ ఏ దిక్కుకి తిప్పి పెట్టాలి, తలుపు, కిటికీ ఎటు, అరుగు ఎంత వెడల్పు, నేల ఎంత ఎత్తు, నీళ్ళ ట్యాంకు ఎక్కడ, అడ్డగోడ కట్టాలా వద్దా, ఇవి అదే ఎస్టిమేట్‌లో చాలావరకు సర్దుకుంటాయి. మన బ్రీఫులో అడిగినవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

ఒప్పుకోకపోతే చట్టం ఉంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4 ప్రకారం ఊరి స్థాయిలో పంచాయతీ చేపట్టే ప్రణాళికలు, ప్రాజెక్టులు మొదలవకముందే గ్రామసభ ఆమోదించాలి. డబ్బు ఖర్చు పెట్టాక వినియోగ ధృవీకరణ కూడా గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. "ఇది పంచాయతీ పని కాదు, మా శాఖ పని" అంటారు. అదే సెక్షన్‌లో సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద, ట్రైబల్ సబ్ ప్లాన్‌తో సహా స్థానిక ప్రణాళికల మీద అదుపు గురించి కూడా రాసి ఉంది, చూపించండి. గ్రామసభ అంటే పది ఊళ్ళ పంచాయతీ మీటింగ్ కాదు, ఒక గూడెం కూడా ఊరే అని ఆ చట్టమే చెప్తది. బ్రీఫ్‌ని తీర్మానానికి జత చేసి, మినిట్స్ పుస్తకంలో అంటించి, ఒక కాపీ ఐటీడీఏలో ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. ఎస్టిమేట్, డ్రాయింగ్ కాపీ సమాచార హక్కు కింద అడగండి. షెడ్యూల్డ్ ఏరియా బయట ఉన్న మన ఊళ్ళకు పెసా బలం లేదు, ఆ పోరాటం వేరే ఉంది. కానీ కాగితం రాసుకోవద్దని ఏ చట్టమూ అనదు.

ఇంటర్ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది చదువుతుంటే ఒక చిన్న మాట. మనలో చదివినవాళ్ళంతా డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్ అంటాం, తప్పులేదు. కానీ విజయవాడలో ఎస్‌పీఏ ఉంది, హైదరాబాదులో జేఎన్ఏఎఫ్‌ఏయూ ఉంది, బీఆర్క్ ఐదేళ్ళ కోర్సు, అందులో మనకు రిజర్వేషన్ సీట్లున్నాయి. మ్యాథ్స్ తీసుకున్నవాళ్ళు నాటా గురించి కనుక్కోండి. మన భాషలో బ్రీఫ్ చెప్తే తర్జుమా అక్కర్లేకుండా వినే ఆర్కిటెక్ట్ ఒకరుంటే ఎట్లా ఉంటదో ఊహించండి. లోన్ అంటే గోడలూ కప్పూ మాత్రమే కాదని కోయ పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కొండ మీది ఊరి కాగితం ఇప్పుడు నాలుగు పేజీలైంది. మూడు వంతులు తేలిపోయింది. ఒకచోట మాత్రం ఆగింది. నెలసరి వచ్చిన ఆడవాళ్ళు ఊరి చివర విడి గుడిసెలో ఉండే పద్ధతి అక్కడ ఇంకా ఉంది. కొత్త బిల్డింగులో ఆ రోజుల్లో ఆడవాళ్ళు అడుగు పెట్టొద్దని పూజారి తాత, ఇద్దరు ముగ్గురు పెద్దలు అన్నారు. అట్లా అయితే అంగన్‌వాడీ ఆయమ్మ నెలకి ఐదు రోజులు పనికి రాకూడదా అని ఒక అక్క అడిగింది. అందరూ ఊరుకున్నారు. వయసులో ఉన్న అమ్మాయిలు మాత్రం ఇంకోటి అడిగారు: ఆ గుడిసె ఉంచాలా తీసేయాలా అన్నది తర్వాత, ముందు అక్కడ లైటు, తలుపుకి గడియ, నీళ్ళు లేవు, 60 లక్షల్లో దానికేమన్నా వస్తదా అని. ఆచారం పేరు చెప్పి ఈ ప్రశ్నను మగవాళ్ళం పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆడవాళ్ళు తేల్చకముందే బయటి నుంచి పోయిన మేము తీర్పు చెప్పడమూ ఇష్టం లేదు. బిల్డింగులోకి ఎవరూ రాకూడదని ఏ గోడ మీదా రాయొద్దు అన్నంతవరకు గ్రామసభలో ఒప్పుకున్నారు. మిగతాది ఆడవాళ్ళ సభకే వదిలారు, అది వచ్చే పున్నమి తర్వాత కూర్చుంటది. అప్పటిదాకా ఆ నాలుగో పేజీ కింద సగం ఖాళీగా ఉంచాం.

మీ ఊరికి ఏ బిల్డింగ్ వస్తుందో, ఎవరెవరిని అడిగారో, ఏం రాశారో మాకు పంపండి. ఫొటో తీసి పంపినా చాలు, చేతిరాత బాగోలేకపోయినా పర్లేదు.

జై ఆదివాసీ.